హాస్యమునకు సాక్ష్య మెక్కడ?



నవ్వించిన నాటకమును జ్ఞాపక ముంచుకొనుట సులభము. అది లోకమును నవ్వించినదని ఋజువు చేయుట మాత్రము కష్టము. ఈ మాట వినోదమునకై చెప్పినట్లు తోచవచ్చును. కాని దీనిపైననే నేడు అనేక భాషలలో, అనేక దేశములలో, జీతబత్తెము లాశింపని జనులు రాత్రులు మేలుకొని వాదించుకొనుచున్నారు. వారిలో పండితులు కొందఱే. తక్కినవారు ఉపాధ్యాయులు, గుమాస్తాలు, విద్యార్థులు, ఉద్యోగము విరమించిన వృద్ధులు, అక్కడక్కడ మనవంటి గృహిణులు. వారందఱును గూడి వ్రాయుచున్న గ్రంథమే వికీపీడియా యను విజ్ఞానసర్వస్వము. టెలివిజనులో వచ్చిన హాస్యనాటికకు అట్టి గ్రంథమున చోటీయదగునా, ఈయదగినచో దానిని గూర్చి ఏమి వ్రాయవలెను అనునది వారి వాదములలో నొకటి. ఈ వాదము మన గృహములకు మిక్కిలి సమీపమైన దగుటచే సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

ఈ గ్రంథము 2001 జనవరి 15వ తేదీన ఆంగ్లమున మొదలయ్యెను. 2003 డిసెంబరులో తెలుగునందును, 2004లో ఉర్దూనందును వెలసెను. కావున మా పాతబస్తీ వీథులలో వినవచ్చు రెండు భాషలకును ఇది కలదు. అంతర్జాలము గల సెల్లుఫోను చేతనున్నచో ఎవరైనను చదువవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. ప్రతి వ్యాసమునకు వెనుక చర్చాపుట యొకటి యుండును. ఇంటికి వీథియరుగువలె వ్యాసమును, పెరటివలె చర్చయు నని తలపవచ్చును. అతిథి యరుగునే చూచును; బియ్యములో రాళ్లేరునది పెరటిలోనే గదా! ఎవరెప్పుడు ఏ మాట చేర్చిరో, ఏ మాట తీసివేసిరో, ఆ చరిత్ర యంతయు చెఱిగిపోక నిలుచును. తెలుగువారు తమ సాధారణ చర్చాస్థలమునకు 'రచ్చబండ' యనియు, ఇంకను పెరుగవలసిన చిన్న వ్యాసమునకు 'మొలక' యనియు పేళ్లిడిరి. ఆ పేళ్లు పెట్టినవారి రసజ్ఞత మెచ్చదగినది.

ఇక హాస్యనాటికకు వత్తము. నిదర్శనముగా 'అమృతం' అను ధారావాహికను గైకొందము. శ్రీ గుణ్ణం గంగరాజుగారు కల్పించిన యీ నాటిక 2001 నవంబరు 18వ తేదీన జెమిని టీవీలో ఆరంభమై, 2007 నవంబరు వఱకు ఆదివారపు రాత్రులందు 313 భాగములుగా ప్రసారమయ్యెను. అమృతరావు, ఆంజనేయులు అను మిత్రు లిరువురు తమ ఫలహారశాలను నడుపుచు, సులభముగా ధనమార్జింప నెంచి పన్నిన యుపాయము లన్నియు తలక్రిందులగుటయే యిందలి కథ. ఇంటి యజమాని అప్పాజీ, పనివాడు సర్వం, ఇల్లాండ్రు సంజీవినియు శాంతయు నిందలి తక్కిన పాత్రలు. ఆ దినములలో మా శాలిబండ వీథిలో ఈ నాటిక వచ్చు వేళకు వంటలు ముగించుకొని కూర్చుండని తెలుగు గృహము అరుదు. పొరుగింటి ఉర్దూ సోదరీమణులు సైతము వచ్చి కూర్చుండి, మేము నవ్విన పిదప కారణమడిగి తెలిసికొని, మరల నవ్వెడివారు.

ఇట్టి నాటికను గూర్చి వ్యాసము వ్రాయబూనినచో చర్చాపుటయందు నడచు తర్కము సాధారణముగా నిట్లుండును. "ఇది యెల్లరు చూచినది, ఇంతకంటె ప్రసిద్ధి యేమి కావలెను?" అని యొకరందురు. "చూచితి మనుట సాక్ష్యము కాదు. నాటికతో సంబంధము లేని పత్రికగాని గ్రంథముగాని దీనిని గూర్చి విపులముగా వ్రాసినదా?" అని మఱియొకరు ప్రశ్నింతురు. నిర్మించినవారు తమ్ము తాము పొగడుకొన్న ప్రకటన చెల్లదు. 'అత్యద్భుతము', 'అనన్యసామాన్యము' వంటి విశేషణములు చెల్లవు. ఎంతటి యభిమానికైనను స్వానుభవము చెల్లదు.

న్యాయశాస్త్రము ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను చెప్పుచున్నది. ఈ స్వచ్ఛంద సంపాదకులు తమ ప్రత్యక్షమును, తమ యనుమానమును ప్రక్కనబెట్టి, నమ్మదగినవారు ప్రకటించిన మాటను, అనగా ఆప్తవాక్యమును మాత్రమే చేకొందురు. ఇది మొదట కఠినముగా దోచును. మన కన్నులను మనము నమ్మరాదా యని కోపము వచ్చును. కాని 'అమృతం' నుండియే యొక యుదాహరణము చూడుడు. అమృతరావు పాత్రను ధరించినదెవరని నలుగురు స్త్రీలను అడిగిన, ఒకరు శివాజీరాజా యనియు, ఒకరు నరేశ్ అనియు, ఒకరు హర్షవర్ధన్ అనియు చెప్పుదురు. నాలుగవవారు తక్కిన మువ్వురితోను తగవుపడుదురు! వాస్తవమున నీ మువ్వురు నటులును వేర్వేరు కాలములందు ఆ పాత్రను ధరించిరి. ఎవరి జ్ఞాపకమును అబద్ధము కాదు; ఏ యొక్కరి జ్ఞాపకమును సంపూర్ణమును కాదు. అందువలననే లిఖితసాక్ష్యము కావలసివచ్చుచున్నది.

హాస్యమువంటి తేలిక విషయమునకు ఇంత విచారమేల యని పెద్దలు కొంద ఱనవచ్చును. భరతముని నాట్యశాస్త్రమున రసము లెనిమిదింటిలో హాస్యమును శృంగారము వెంటనే చెప్పి, స్మితము మొదలు అతిహసితము వఱకు నవ్వును ఆఱు విధములుగా విభజించెను. మునికి తేలిక గానిది మనకు తేలిక యెట్లగును? ఒక తరము దేనికి నవ్వెనో తెలిసినచో, ఆ తరము అద్దె యిండ్లలో నెట్లు కాపురముండెనో, డబ్బునకై యెట్లు తంటాలు పడెనో, భార్యాభర్త లేమని వాదులాడుకొనిరో తెలియును. రాజుల చరిత్రలలో నివి దొరకవు.

మా నగరముననే మఱియొక నిదర్శనము కలదు. బబ్బన్ ఖాన్ గారి 'అద్రక్ కే పంజే' యను దక్కనీ హాస్యనాటకము 1965లో ఆరంభమై, పదివేలకు పైబడిన ప్రదర్శనములు పొంది, గిన్నిస్ గ్రంథమున కెక్కెను. అధిక సంతానముతో, అరకొర సంపాదనతో ఈదులాడు సామాన్యుని సంసారమే యందలి వస్తువు. దానికి లిఖితసాక్ష్యము కలదు గనుక విజ్ఞానసర్వస్వమున చోటు దొరకుట కష్టము కాదు. ఇంటి గదిలో కూర్చుండి చూచిన నవ్వునకు అట్టి సాక్ష్యము తక్కువ. భేదము నవ్వులో లేదు, సాక్ష్యములో నున్నది.

ఈ వాదములు చిన్నవని తలపరాదు. టెలివిజను నాటికలలోని యొక్కొక్క భాగమునకు, ఒక్కొక్క పాత్రకు వేఱు వ్యాసముండవచ్చునా యను తగవు ఆంగ్ల వికీపీడియాలో ముదిరి, 2007లో నొకమాఱు, 2008లో మఱియొకమాఱు వారి మధ్యవర్తుల సంఘము వఱకు పోయెను. హాస్యగాండ్రును ఊరకుండలేదు. 2006లో స్టీఫెన్ కోల్బర్ట్ అను అమెరికా హాస్యనటుడు తన టెలివిజను కార్యక్రమమున, ఆఫ్రికా యేనుగుల సంఖ్య ఆఱు మాసములలో మూడింత లైనదని విజ్ఞానసర్వస్వమున వ్రాయుడని ప్రేక్షకులను పురికొల్పెను. పదిమంది కలిసి యన్నచో అదియే సత్యమగునా యని పరిహసించుట యాతని యభిప్రాయము. ప్రేక్షకు లెగబడగా, సంపాదకులు ఏనుగుల వ్యాసమును తాత్కాలికముగా తాళము వేసి కాపాడిరి. నవ్వించువాని ప్రశ్న గట్టిదే. దానికి సమాధానము సాక్ష్య మడుగు నియమమే.

సాక్ష్య మడిగినపుడు అలుగుట యొక మార్గము, సాక్ష్యమును కూర్చుట వేఱొక మార్గము. రెండవదానికి మా హైదరాబాదు చరిత్ర చక్కని యుదాహరణము నిచ్చుచున్నది. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని యొకరు వ్రాయగా, శ్రీ సురవరం ప్రతాపరెడ్డిగారు తిట్టుకు తిట్టు వ్రాయలేదు. ఊరూర కవులకు జాబులు వ్రాసి, వారి పద్యములను జీవితవిశేషములను తెప్పించి, 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను 1934లో ప్రకటించిరి. అటుపై నా మాట యనువారు లేకపోయిరి. నేటి చర్చాపుటలలో 'ప్రాముఖ్యము చూపుడు' అని యడిగినపుడు మనమీయదగిన యుత్తరము అదియే.

అంతకు పూర్వము కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు 1906లో ఈ నగరమున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి, పిదప తెలుగున తొలి విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. మూడు సంపుటములు వెలువడినను 'అ' యక్షరమే ముగియలేదు. 1923లో వారు కీర్తిశేషులైరి. నేటి తెలుగు వికీపీడియావారు వారి పేర పురస్కార మొకటి నెలకొల్పి ఋణము కొంత తీర్చుకొనిరి.

ఆ పంతులుగారి యక్క భండారు అచ్చమాంబగారు. 1874లో జన్మించి, బడి మొగ మెఱుగక, తమ్ముని సాయమున ఇంటనే చదువు నేర్చిన యిల్లాలు. స్త్రీలకు చదు వేలయను కాలమున, విద్యావతులును వీరవనితలును నైన స్త్రీలు మన దేశమున నుండిరని వాదించుటతో తృప్తినొందక, వారి చరిత్రములను వెదకి కూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల'గా 1901 ప్రాంతమున ప్రకటించిరి. 1905లో ముప్పదియొక్క యేండ్లైనను నిండకుండ మరణించిరి. తమ్ముని విజ్ఞానసర్వస్వమునకు ముందే అక్క యట్టి పని చేసి చూపెనని మేము తలంతుము.

ఆ యిల్లాలి వారసులు నేడెందఱు? 2011లో వికీపీడియా సంపాదకులను విచారింపగా స్త్రీలు నూటికి పదిమంది కంటె తక్కువగా తేలిరి. వ్రాయువారిలో స్త్రీలు లేనిచో వ్రాయబడువారిలోను స్త్రీలు తగ్గుదురు. డోనా స్ట్రిక్‌లాండ్ అను కెనడా దేశపు భౌతికశాస్త్రజ్ఞురాలిని గూర్చి యొకరు వ్యాసము వ్రాయగా, తగిన సాక్ష్యములు చూపలేదని 2018 మే మాసమున త్రోసిపుచ్చిరి. అదే సంవత్సరము అక్టోబరులో ఆమెకు నోబెలు బహుమాన మీయబడెను! సంపాదకులు నియమము తప్పలేదు. కాని ఆమెను గూర్చి ముందుగా వ్రాయవలసిన పత్రిక లేమి చేయుచున్నవి? సాక్ష్యము తనంత తాను పుట్టదు. ఎవరో వ్రాయవలెను, ఎవరో దాచవలెను.

ఇచ్చటనే గృహిణుల కర్తవ్యమున్నది. హాస్యనాటికలను గూర్చిన వ్రాతలలో ననేకము వారపత్రికల వినోదపుటలలోను, ఆదివారపు అనుబంధములలోను వచ్చినవి. వానిని మన మేమి చేసితిమి? అలమరలో పఱచితిమి, పప్పుడబ్బాల క్రింద వేసితిమి, తూకమునకు అమ్మితిమి. 'అమృతం'నందు ఆంజనేయులు పాత్రతో నెల్లరను నవ్వించిన గుండు హనుమంతరావుగారు 2018లో దివంగతులైరి. నటులు ఒక్కొక్కరుగా వెడలిపోవుచుండ, వారితో జరిపిన సంభాషణలు అచ్చైన కాగితములును పోయినచో, మనుమరాండ్రకు మిగులునది 'భలే నవ్వెడివారము' అను మాట మాత్రమే.

కావున మా విన్నపము లివి. ఇంట పాతపత్రికలున్నచో అమ్మకముందు పుటలు త్రిప్పి చూడుడు. నాటకములను గూర్చి, నటీమణులను గూర్చి, మన వీథులను గూర్చి యున్న పుటను కత్తిరించి, పత్రిక పేరు, తేదీ, పుటసంఖ్య అంచున వ్రాసి దాచుడు. తేదీలేని కాగితము సాక్షి గాదు. మా నగరమువారికి అఫ్జల్‌గంజిలో 1891లో ఆసఫియా పేర వెలసిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కలదు. బజారుకు పోయినపుడు ఒక గడియ అచ్చట కూర్చుండుటకు అలవాటుపడుడు. పిదప తెలుగు వికీపీడియాలో మీ రెఱిగిన యొక వ్యాసమును తెఱచి, తప్పైన తేదీ నొకటి దిద్ది, ఆధారము చూపుడు. ప్రారంభమున కది చాలును. ఇతరుల రచనను ఎత్తి వ్రాయకుడు. మీ మాట నెవరైన తీసివేసినచో కంట తడి పెట్టకుడు, కోపింపకుడు. చర్చాపుటకు పోయి కారణ మడుగుడు. అత్తవారింట మెలగ నేర్చిన మనకు ఆ పాటి యోర్పు క్రొత్త గాదు.

వ్యాసమహర్షి చెప్పుచుండ ఆగక వ్రాయుదునని గణపతి నియమము పెట్టగా, అర్థము తెలియక వ్రాయరాదని మహర్షి ప్రతినియమము పెట్టెనని భారతకథ. నేటి విజ్ఞానసర్వస్వము గణపతివలె ఆగక సాగుచున్నది. తెలుగున వ్యాసములు లక్షకు పైబడినవి. అందు మన యిండ్లలోని నవ్వును, నవ్వించినవారి పేళ్లును తప్పులేక చేరవలెనన్నచో, అర్థము తెలిసిన స్త్రీలు వ్రాయువారి ప్రక్కన కూర్చుండవలెను.