ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లవాడు, కాపు కాసే ఫార్వర్డ్

2024 జనవరి 24 నుండి 27 వరకు మస్కట్ చెంతనున్న అమెరాత్ హాకీ స్టేడియంలో మహిళల తొలి హాకీ ఫైవ్స్ ప్రపంచకప్ జరిగినది. భారత జట్టుకు నాయకత్వం వహించినది చిత్తూరు జిల్లాకు చెందిన గోల్‌కీపర్ ఇ. రజని. అంతిమ పోటీలో నెదర్లాండ్స్ చేతిలో 2-7 తేడాతో ఓడి, భారత్ రజత పతకం పొందినది. జట్టుకు ఐదుగురే ఆడే ఈ పోటీలో మైదానం చిన్నది. ఎక్కడి నుండి కొట్టినా గోల్ గోలే. కనుక బంతి చేజారిన మరుక్షణమే ఫార్వర్డ్ సైతం కాపలాదారు కావలసినదే.

ఐస్ హాకీలో ఇట్టి ఆటగానిని డిఫెన్సివ్ ఫార్వర్డ్ అంటారు. ఉత్తర అమెరికాలోని ఎన్.హెచ్.ఎల్. 1978 నుండి వీరి కొరకు సెల్కీ ట్రోఫీని ఇస్తున్నది. మొదటి నాలుగు పర్యాయాలూ దానిని గెలిచినవాడు మాంట్రియల్ జట్టుకు చెందిన బాబ్ గేనీ. 6 అడుగుల 2 అంగుళాల మనిషి. ఒక సీజన్‌లో ఆయన చేసిన అత్యధిక గోల్స్ 23 మాత్రమే. అయినను ఆయన లేని జట్టును ఊహించలేమనేవారు.

ఒమాన్‌లోని మన పిల్లలు ఆడేది టర్ఫ్ మీది హాకీ. జట్టులో అందరికంటె తల ఎత్తు ఎక్కువైన పద్నాలుగేళ్ళ పిల్లవానిని కోచ్ ఈ పాత్రకు మళ్ళించగానే, తల్లిదండ్రులు చిన్నబుచ్చుకొనుట సహజం. “మావాడు గోల్స్ కొట్టేవాడు కదా, వెనక్కు నెడుతున్నారేమి?” అని అడుగుతారు. సమాధానం 1638లో గెలీలియో వివరించిన ఒక లెక్కలో ఉన్నది.

ఒకే ఆకృతి గల ఇద్దరిని ఊహించండి. ఒకని ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 48 కిలోలు. రెండవవాడు 10 శాతం పొడుగు, అనగా 176 సెంటీమీటర్లు. బరువు ఎత్తు యొక్క ఘనమును అనుసరిస్తుంది కనుక 33 శాతం పెరిగి 64 కిలోలగును. కండరాల బలమో, వాటి అడ్డుకోత వైశాల్యమును, అనగా ఎత్తు యొక్క వర్గమును అనుసరించి 21 శాతమే పెరుగును. ఒకే వేగం నుండి ఒకే దూరంలో ఆగుటకు పెద్దవానికి 33 శాతం అధిక బలం కావలెను. ఉన్నది 21 శాతమే. అతడు ఆలస్యంగా ఆగుట, వెడల్పుగా మలుపు తిరుగుట సోమరితనం కాదు, లెక్క.

అయితే అదే వర్గం మరొక చోట అతనికి మేలు చేయును. చేయి, స్టిక్ కలిసి అందుకోగల దూరం 10 శాతం పెరిగితే, నిలుచున్నచోటు నుండి కాయగల వైశాల్యం 21 శాతం పెరుగును. పరుగెత్తి బంతిని లాక్కోవలసిన పని లేదు. దారి మూసిన చాలును. మోకాళ్ళు వంచి, ఆగుటకు ముందు అడుగులు కురచ చేసి, స్టిక్‌ను నేలకు ఆన్చి, వంపుగా పరుగెత్తుతూ ప్రత్యర్థిని పక్క గీత వైపు తోలుట మొదటి పాఠం. ఒంటితో నెట్టుట హాకీలో ఫౌల్. శరీరంతో ఢీకొనుటకు అనుమతి ఉన్న ఐస్ హాకీలో సైతం, అమెరికా 2011 నుండి 12 ఏళ్ళ వయోవిభాగం వరకు దానిని నిషేధించినది.

ఇక్కడ కోచ్‌లు తరచు పొరబడే విషయం ఒకటున్నది. మగపిల్లలలో ఎత్తు అతివేగంగా పెరిగే వయస్సు సగటున 14కు అటూ ఇటూ. కొందరికి 12లోనే, మరికొందరికి 16కు గాని రాదు. నేటి భారీ పిల్లవాడు కేవలం త్వరగా ఎదిగినవాడే కావచ్చును. పద్ధెనిమిదికి తక్కినవారు అతనిని అందుకుంటారు. పొడుగును నమ్మి మాత్రమే నేర్పినవానికి అప్పుడు మిగిలేది శూన్యం. కనుక గోల్ కొట్టే సాధన మానిపించరాదు. ఆ ఎదుగుదలలో మోకాలిచిప్ప కింద నొప్పి అంటే సాకుగా కొట్టిపారవేయక, పరుగులు తగ్గించవలెను.

ఒమాన్‌లో వీటన్నిటికంటె ముఖ్యమైనది ఎండ. శ్రమించే కండరం వాడే శక్తిలో ముప్పాతిక భాగం వరకు వేడిగా మారును. ఆ వేడి బరువును అనుసరించి పుట్టును, చర్మ వైశాల్యమును అనుసరించి బయటకు పోవును. మళ్ళీ 33, 21 లెక్కే! పైగా ముందుకూ వెనక్కూ పదే పదే పరుగెత్తేది ఈ ఫార్వర్డే. మస్కట్ తీరపు తేమలో చెమట కారును గాని ఆరదు. ఆరని చెమట చల్లబరచదు. సూర్యాస్తమయం తరువాత ఆడినంత మాత్రాన తేమ తగ్గదు.

శరీరం వేడికి అలవాటు పడుటకు 10 నుండి 14 రోజులు పట్టును. సాధన ఆపిన కొద్ది వారాలలో ఆ అలవాటు పోవును. సెలవులకు ఊరికి వెళ్ళి, అమ్మమ్మ చేతి ఆవకాయ అన్నంతో నెల గడిపి వచ్చినవానిని ఆగస్టులో తొలి సాయంత్రమే పూర్తి ఆట ఆడించుట ప్రమాదకరం. తలనొప్పి, కళ్ళు తిరుగుట, వాంతి కనిపిస్తే ఆట ఆపించి నీడకు చేర్చవలెను. మాట తడబడినా, తికమకపడినా అది వడదెబ్బయే: వెంటనే చల్లని నీటిలో ముంచి లేదా ఒళ్ళంతా తడిపి, ఆసుపత్రికి కబురు చేయవలెను. చల్లబరచుట ముందు, ప్రయాణం తరువాత.

హాకీలో ఆటగాళ్ళను ఎన్నిసార్లయినా మార్చవచ్చును. అందరికంటె పెద్దవాడు అలసినానని చెప్పుటకు సిగ్గుపడును. కోచ్ అతనినే ముందుగా బయటకు పిలవవలెను.