వేసవి సెలవుల్లో పిల్లలకి మంచి పని: మన కల్లంలోనే ఉంది



పరీక్షలు అయిపోగానే మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి కుర్రాళ్లు విశాఖకో, హైదరాబాద్‌కో బస్సెక్కేస్తారు. ఇంటర్ చదివేటప్పుడు నేనూ అలాగే వెళ్లాను. విశాఖలో ఒక కేటరింగ్ మేస్త్రీ దగ్గర చేరాను. రోజుకెంత అని ముందు మాట్లాడుకోలేదు. తిండికీ, గదికీ పట్టుకోగా చేతికొచ్చింది బస్సు ఛార్జీల మీద కొంచెమే. అదే నెలలో ఇంటిదగ్గర నాన్న ఘనజీవామృతం చెయ్యడానికి మనిషి దొరక్క పేడంతా వదిలేశాడు. ఆయనకి మనిషి కావాలి, నాకు పని కావాలి. ఉన్నది ఒకే ఇంట్లో!

వేసవిలో పొలంలో పనేముంది అంటాం గానీ, ప్రకృతి వ్యవసాయానికి అసలు తయారీ ఇప్పుడే.

మొదటిది ఘనజీవామృతం. 100 కిలోల దేశవాళీ ఆవు పేడకి 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను, తగినంత ఆవు మూత్రం కలపాలి. నీడలో కుప్ప పోసి 2 రోజులు గోనె కప్పి, తర్వాత పలచగా ఆరబెట్టాలి. ఎకరాకి దుక్కిలో 200 నుంచి 400 కిలోలు కావాలి కదా! ఇద్దరు పిల్లలకి చాలా రోజుల పని.

రెండోది పీఎండీఎస్ విత్తన గుళికలు. చోళ్లు, గంట్లు, పెసలు, ఉలవలు, నువ్వులు, గోగులు ఇలా రకరకాల విత్తనాలకి బీజామృతం, మెత్తటి మట్టి, ఘనజీవామృతం పొడి పట్టించి నీడలో ఆరబెట్టడం. వానలకి ముందే పొడి దుక్కిలో చల్లుతాం కాబట్టి ఏప్రిల్, మే నెలల్లోనే చేతినిండా పని. ఎలా చెయ్యాలో పై వీడియోలో ఉంది.

ఉద్దానం వైపు తోటల్లో జీడిపిక్కలు ఏరడమూ ఈ రోజుల్లోనే. ఏరడానికి పంపండి. పిక్క కాల్చి కొట్టే పనికి మాత్రం వద్దు. పెచ్చులోని జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది.

ఇక కూలి సంగతి. మన పిల్లలు చేస్తే "సాయం" అంటాం, బయటివాళ్లు చేస్తే "పని" అంటాం. తప్పు అక్కడే ఉంది. సాయానికి లెక్క ఉండదు, అందుకే వాళ్లు బస్సెక్కుతారు.

పోయిన వేసవిలో మా ఊరి డిగ్రీ కుర్రాళ్లు ఇద్దరిని పిలిచాను. వాళ్ల మొదటి ప్రశ్న: "మామా, కిలోకెంత?" నాకు నచ్చింది. నేను విశాఖలో అడగనిది అదే. పచ్చి బరువు మీద కూలి అనుకున్నాం. ఆరేసరికి తూకం తగ్గిపోయి తగువొచ్చింది. అప్పట్నుంచి ఆరి, జల్లించి, గోనెకి ఎత్తాకే తూకం. చేసినంత బరువు, ఇచ్చిన డబ్బు ఆ రోజే ఇద్దరి నోటుపుస్తకాల్లోనూ రాస్తాం.

ఇవి మర్చిపోకండి:

- 14 ఏళ్లలోపు పిల్లల్ని కూలికి పెట్టకూడదు, చట్టం ఒప్పుకోదు. సొంత పిల్లలైతే సెలవుల్లో ఇంటి పనికి చెయ్యి వెయ్యొచ్చు, అంతే.
- పొద్దున్న 6 నుంచి 10 వరకే పని. తర్వాత ఎండకి పంపకండి. అంబలో, మజ్జిగో ఇవ్వండి.
- కాలేజీ తెరవడానికి వారం ముందే లెక్క తేల్చెయ్యండి. ఆ డబ్బు ఫీజుకి, పుస్తకాలకి అక్కరకొస్తుంది.

ఈ నేర్పు వృథా పోదు. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో వ్యవసాయ డిగ్రీ చదివినవాళ్లు ఊళ్లలో ఉండి ఫెలోలుగా పనిచేశారు. పేడలో చెయ్యి పెట్టిన కుర్రాడికి ఆ దారి ఇంకా దగ్గర.

ఈ ఏడాది మీ అబ్బాయినో, అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని వీడియో చూడండి. చూశాక "కొంచెం సాయం చెయ్యి" అనకండి. "కిలోకి ఇంత, చేస్తావా?" అని అడగండి.