పక్షుల ఛాయాచిత్రములు – కెమేరా యెన్నిక



గత వేసవిలో మా పెరటి మల్లెపొదలో పిగిలిపిట్ట గూడు కట్టి రెండు గ్రుడ్లు పెట్టినది. మేము మురిసిపోయి, చిత్రము తీయనెంచి, కొమ్మలను పాయచేసి, సెల్‌ఫోనును మూరెడు దూరమున నుంచితిమి. చిత్రము చక్కగా వచ్చినది. మరునాటికి గ్రుడ్లు లేవు. కాకి చూచెనో, పిల్లి చూచెనో యెరుగము గాని, ఆకుల మరుగును తొలగించినవారము మేమే. గూళ్లను, గ్రుడ్లను కదలించుటను గూడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటగానే యెంచుచున్నదని మావారు చెప్పగా, మాకు తల యెత్త శక్యము గాలేదు.

అందుచేత కెమేరా కొనదలచినప్పుడు "ఎంత అందముగా తీయును?" అనుటకు ముందు "ఎంత దూరమునుండి తీయగలదు?" అని యడుగ నేర్చితిమి.

ఈ దూరమునకు మూలము కటకము. దాని నాభ్యంతర మెంత హెచ్చిన, దూరపు పిట్ట అంత పెద్దదిగా కనబడును. 50 మిల్లీమీటరుల కటకమున చెట్టుకొననున్న పాలపిట్ట చుక్కవలె నుండును. పక్షులకు 400 మొదలు 600 మిల్లీమీటరుల వరకు ఉండుట మేలు. దుకాణమువారు "జూమ్" అన్నప్పుడు అది ఆప్టికలా, డిజిటలా యని తప్పక యడుగవలెను. మొదటిది కటకము చేయు పని. రెండవది బొమ్మను సాగదీయుట మాత్రమే.

మనవంటి గృహిణులకు రెండు మార్గములు కలవు. ఒకటి, కటకము విడదీయరాని బ్రిడ్జి కెమేరా. 2020లో వచ్చిన నికాన్ కూల్‌పిక్స్ పి950 ఇట్టిది. 2000 మిల్లీమీటరుల కటకమునకు సమానమైన చూపు గలది, బరువు సుమారు ఒక కిలో. అయితే దీని సెన్సారు వెడల్పు సుమారు 6 మిల్లీమీటరులే గనుక, మసక వెలుతురున బొమ్మ ఇసుక చల్లినట్లుండును.

రెండవది, కటకములు మార్చుకొను కెమేరా. ఏపీఎస్‌-సీ యను తరగతిలో సెన్సారు వెడల్పు ఇంచుమించు 23 మిల్లీమీటరులు. తెల్లవారుజామునను బొమ్మ తేటగా వచ్చును. దీనికి 300 మిల్లీమీటరుల కటకము తగిలించిన, సుమారు 450 మిల్లీమీటరుల చూపు లభించును. అద్దము లేని మిర్రర్‌లెస్ రకములలో చాలవరకు చప్పుడు లేకుండ తీయు వీలు గలదు, పిట్ట బెదరదు. డబ్బు పరిమితమైనచో కెమేరాపై తగ్గించి కటకముపై వెచ్చించుట వివేకము. ఏది కొన్నను, ఎగురు పక్షికి సెకనులో వెయ్యవ వంతో, అంతకంటె తక్కువ కాలమో చాలునట్టి వేగ ముండవలెను.

మేము నెలనెలా కొంత కూడబెట్టి మొదటి రకమునే కొంటిమి. నేలపట్టు గూడబాతులను గాని, ఉప్పలపాడు చెరువులోని కొంగలను గాని గట్టుననే నిలిచి చూచువారికి అది చాలును.

ఈ యేడును పిగిలిపిట్ట వచ్చినది. ఈమారు మేము పొద దరికి పోలేదు. వంటింటి కిటికీ చాటున ముక్కాలిపై కెమేరా నుంచి, పప్పు ఉడుకునంతసేపు కాచి తీసితిమి. ఒక ఆకు అడ్డముగా పడినది. నిరుటి చిత్రమంత స్పష్టముగా లేదు. కొన్నాళ్లకు గూడు మరల ఖాళీయైనది. కాని పిల్లలు రెండును గోడపై కూర్చుండి తల్లిని పిలుచుచుండెను.