శీతకాల విహంగాలు

ప్రాణులకు ఆహారం, ఆవాసం ఏడాది పొడవునా ఒకేచోట లభించవు. శీతకాలం రాగానే సైబీరియా, మంగోలియా, టిబెట్ ప్రాంతాలలో సరస్సులు గడ్డకడతాయి, పురుగులు కనుమరుగవుతాయి, గడ్డిని మంచు కప్పివేస్తుంది. అప్పుడు అక్కడి పక్షులు దక్షిణ దిశగా పయనిస్తాయి. దీనినే వలస అంటారు. చలికాలంలో మన చెరువులలో, వరి మళ్లలో కనిపించే సూదితోక బాతులు, పలు రకాల ఉల్లంకి పిట్టలు ఈ విధంగా వచ్చినవే.

ఈ ప్రయాణం సామాన్యమైనది కాదు. తలపై రెండు నల్లని పట్టెలు గల పట్టెతల బాతు హిమాలయాలను దాటి వస్తుంది. అది 7,000 మీటర్లకు పైబడిన ఎత్తులో ఎగిరినట్లు శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. అక్కడి పలుచని గాలి నుండి సైతం ప్రాణవాయువును గ్రహించగల శక్తి దాని రక్తానికి ఉంది. ఈ పక్షి చెరువులో విశ్రమించి, పొలాలలో మేస్తుంది. దానికి చెరువు ఎంత అవసరమో చేను కూడా అంతే అవసరం.

అయితే చలికాలంలో కనిపించే ప్రతి పెద్ద పక్షినీ ‘సైబీరియా కొంగ’ అనడం సరికాదు. తేలినీలాపురం, నేలపట్టులలో గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మన దేశంలో పుట్టి పెరిగేవే. అవి నీటిని, చేపలను వెదుకుతూ ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి తరలుతుంటాయి.

పక్షి ముక్కును, కాళ్లను పరిశీలిస్తే దానికి ఎంత లోతు నీరు కావాలో తెలుస్తుంది. ఉల్లంకి బురదను పొడిచి పురుగులను ఏరుకుంటుంది. కొంగ లోతులేని నీటిలో నిశ్చలంగా నిలిచి చేపకై కాచుకుంటుంది. సూదితోక బాతు తల ముంచి, తోక పైకెత్తి, అడుగున ఉన్న గింజలను అందుకుంటుంది. కనుక చెరువు అంచున ఉండే లోతులేని నీరే ఇటువంటి పక్షులను పోషిస్తుంది. డెల్టాలో సార్వా కోసిన తరువాత దాళ్వాకు దమ్ము చేసిన మళ్లు కూడా ఇటువంటివే. అక్కడ కొంగలు పురుగులను, గుల్లకొంగలు నత్తలను తిని రైతుకు మేలు చేస్తాయి. పురుగుమందు మితిమీరితే ఆ మేలు మనకు దూరమవుతుంది.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు ఈ సత్యానికి నిదర్శనం. ఈ మంచినీటి సరస్సు వరదనీటిని తనలో ఇముడ్చుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపుతుంది. ఇది 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. కాని సరస్సు గర్భంలో చేపల చెరువులు విస్తరించాయి. ఎత్తైన గట్ల నడుమ నీరు లోతుగా నిలవడంతో పక్షులు నిలిచి మేసే చోటు తగ్గింది. వరదనీటి దారి ఇరుకైంది. 2006లో ప్రభుత్వం అనేక గట్లను తొలగించినా, తరువాత ఆక్రమణలు మళ్లీ తలెత్తాయి. చేపల పెంపకం ఎన్నో కుటుంబాలకు జీవనాధారమన్నదీ కాదనలేని విషయమే. అయినా వరదకు చోటు లేనప్పుడు నష్టపోయేది పక్షులు మాత్రమే కాదు, పరిసర గ్రామాలు కూడా.

ఈ మార్పులను గుర్తించడానికి పక్షి వీక్షణం తోడ్పడుతుంది. 1987 నుండి ఏటా జనవరిలో సాగుతున్న ఆసియా నీటిపక్షుల గణనలో ఔత్సాహికులు స్వచ్ఛందంగా పాల్గొంటున్నారు. దీనికి కావలసింది ఓర్పు. ఉదయాన్నే, సూర్యుడు వీపు వెనుక ఉండేటట్లు, పక్షులు బెదరనంత దూరంలో నిశ్శబ్దంగా నిలబడాలి. తేదీ, స్థలం, పక్షి పేరు, సంఖ్య పుస్తకంలో వ్రాసుకోవాలి. ఒక ఏటి లెక్క స్వల్పంగానే తోచవచ్చు. ఏళ్ల తరబడి వ్రాసిన లెక్క చెరువు స్థితిని తెలుపుతుంది.

ఏటా వచ్చే పక్షి ఒక ఏడు రాకపోతే, అందుకు కారణం దూరదేశంలో ఉండవచ్చు. మన ఊరి చెరువులోనూ ఉండవచ్చు. రెండవదానిని సరిదిద్దడం మన చేతిలోని పని.