అట్ట మార్చితే చాలు, మగ్గం మార్చనక్కరలేదు
చిన్న పరిశ్రమల్లో రోబోలు: కొనే ముందు తెలుసుకోవలసిన సంగతులు

బళ్లారిలోను, సరిహద్దుకు ఆవల రాయదుర్గంలోను జీన్స్ కుట్టుపని ఎన్నో కుటుంబాలకు అన్నం పెడుతున్నది. కత్తిరింపు ఒకచోట, కుట్టు మరొకచోట, ఉతుకు ఇంకొకచోట జరిగే ఈ పరిశ్రమకు చిన్న యూనిట్లే పునాది. ఇటువంటి యూనిట్ల యజమానులకు నేడు కంప్యూటరుతో నడిచే యంత్రాలు, రోబోలు అందుబాటులోకి వస్తున్నాయి. అయితే అప్పు చేసి కొన్న యంత్రం, ఆర్డరు మారగానే మూలన పడితే ఏమిటి గతి? దీనికి జవాబు యంత్రపు ఇనుములో కంటే దానిని నడిపే సాఫ్ట్‌వేర్‌లోనే ఎక్కువగా ఉన్నది.

పెద్ద ఫ్యాక్టరీ వేరు, మన షెడ్డు వేరు

మొదటి పారిశ్రామిక రోబో 'యూనిమేట్' 1961లో అమెరికాలోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో పనిలో చేరింది. అక్కడ ఒకే పని లక్షలసార్లు సాగుతుంది. చిన్న యూనిట్ సంగతి అలా కాదు. ఈ రోజు 32 నడుము సైజు ప్యాంట్లు అయితే, రేపు పిల్లల ప్యాంట్లు. సైజు, జేబు స్థానం, కుట్ల సంఖ్య ప్రోగ్రాములోనే పాతుకొని ఉంటే, ప్రతి మార్పుకూ బెంగళూరు నుండి ఇంజనీరు రావలసిందే. ఆయన వచ్చేలోగా ఆర్డరు చేజారుతుంది.

ధర్మవరం మగ్గం చెప్పే పాఠం

ఈ చిక్కుకు పరిష్కారం మన నేతగాళ్లకు కొత్త కాదు. ఫ్రాన్సులో 1804 ప్రాంతంలో రూపొందిన జాకార్డు పరికరంలో, రంధ్రాలు పొడిచిన అట్టలను బట్టి పోగులు లేస్తాయి. ధర్మవరం వంటి చోట్ల పట్టుచీరల అంచు మారాలంటే మగ్గాన్ని విప్పలేదు, అట్టలను మార్చారు. చక్కని సాఫ్ట్‌వేర్ కూడా ఇదే పద్ధతిలో మూడు అరలుగా ఉంటుంది.

మొదటిది పనిచీటీ: సైజు, కొలతలు, కుట్ల సంఖ్య. రెండవది పని వరుస: తీయి, పెట్టు, కుట్టు, పక్కన ఉంచు. మూడవది ఫలానా మోటారుతో, కెమెరాతో మాట్లాడే భాగం. ఒక అరను మార్చినపుడు మిగిలినవి చెదరకూడదు. అపుడు సైజు మారితే పనిచీటీ చాలు. కెమెరా చెడి వేరే కంపెనీది బిగిస్తే మూడవ అర ఒక్కటే మారుతుంది.

కార్ల కంపెనీలు సైతం ఈ పాఠాన్ని నష్టపోయే నేర్చుకున్నాయి. మోడల్ మారినపుడల్లా బీరువాల కొద్దీ రిలేల తీగలు తిరిగి కలపవలసి వచ్చేది. ఆ బాధ తప్పించడానికే 1968లో ప్రోగ్రాముతో మార్చగల పి.ఎల్.సి. ఆలోచన పుట్టింది. దాని ప్రోగ్రాము భాషలకు 1993లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది.

అడగవలసిన ప్రశ్నలు

* కొలతలను మన పనివారే మార్చగలరా?
* ప్రోగ్రాము నకలు, పాస్‌వర్డు మన చేతికి ఇస్తారా?
* కరెంటు పోయి వస్తే, ఆగిన చోటు నుండి సురక్షితంగా మొదలవుతుందా?
* ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుందా?
* తెర మీద తెలుగు, కన్నడ అక్షరాలు వస్తాయా?
* అత్యవసర బటన్ నొక్కితే, మామూలు ప్రోగ్రాముతో నిమిత్తం లేకుండా యంత్రం ఆగుతుందా? ప్రాణరక్షణ విషయంలో రాజీ పనికిరాదు.

కుట్టే చేతుల మాటేమిటి?

బట్ట ఇనుప రేకు వంటిది కాదు. అది ముడుచుకుంటుంది, జారుతుంది, సాగుతుంది. అందుకే ప్యాంటు మొత్తాన్ని కుట్టడం రోబోకు నేటికీ కష్టమే. జేబుకుట్టు, ఎంబ్రాయిడరీ, లేజరుతో రంగు తేల్చడం వంటి విడి పనులలోనే యంత్రం రాణిస్తున్నది. ఆ పనులలో కొన్ని చేతులకు పని తగ్గుతుందన్నది దాచనక్కరలేని నిజం. కానీ కుట్టు తెలిసి, పనిచీటీ కూడా మార్చగలిగిన వ్యక్తిని ఏ యజమానీ సులభంగా వదులుకోడు. కనుక యంత్రంతో పాటు పనివారికి శిక్షణ కూడా ఒప్పందంలో ఉండాలి.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టరు అయ్యారు. పల్లెలో పుట్టిన వారికి ఈ విద్య అందనిది కాదనడానికి ఆయనే సాక్షి. మన ఊళ్లలో ఐ.టి.ఐ. చదివే పిల్లలు యంత్రం నడపడంతో ఆగక, దాని 'అట్టలు' మార్చడం కూడా నేర్వాలి. అపుడే యంత్రం మన చెప్పుచేతలలో ఉంటుంది.