తుప్పు వదలాలి... ఊపిరి నిలవాలి!

పాత ట్రాక్టరుకు కొత్త రూపు తేవాలన్న ముచ్చట మంచిదే. కానీ ఆ పనికి ఏటి ఇసుకను ఎంచుకుంటేనే అసలు ముప్పు!

వేరుసెనగ పండించే ఇళ్లలో ట్రాక్టరంటే ఇంటిమనిషి కిందే లెక్క. నాన్న కొన్నదనో, ఫలానా ఏడు పంట బాగా వచ్చినప్పుడు తెచ్చుకున్నదనో... ఓ పట్టాన అమ్మబుద్ధి కాదు. ఇంజను బాగానే ఉంటుంది. బానెట్ మీద రంగు మాత్రం పెచ్చులు లేస్తుంది. రిమ్ములు, మడ్‌గార్డులు తుప్పు పడతాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంటాయనకైనా అలాంటప్పుడు వచ్చే ఆలోచన ఒక్కటే... భాగాలన్నీ విప్పి, శుభ్రంచేసి, పెరట్లోనే రంగు వేసేసుకుందామని.

ఉప్పుకాగితంతో రుద్దుతూ కూర్చుంటే చేతులు పడిపోతాయి. అదే శాండ్‌బ్లాస్టింగ్ అయితే నిమిషాల్లో పని! గాలి కొట్టే కంప్రెసర్ అద్దెకు దొరుకుతుంది. చిన్న గన్ను కొనుక్కోవచ్చు. ఇసుకా... హిందూపురం పక్కన పెన్న, ధర్మవరం పక్కన చిత్రావతి ఉండనే ఉన్నాయి. ఇంకేం కావాలి అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

పేరులో ఇసుక... పనిలో వద్దు!

గాలి వేగంతో ఇసుకను విసిరికొట్టి లోహాన్నీ రాతినీ గీకే ఈ పద్ధతికి అమెరికాకు చెందిన బెంజమిన్ టిల్గ్‌మన్ 1870లో పేటెంటు పొందారు. ఫ్యాక్టరీలకు అది వరమే అయింది. కానీ ఆ పనిచేసినవాళ్ల ఊపిరితిత్తులు పాడవడం మొదలైంది. దాంతో పోత వస్తువుల్ని ఇలా శుభ్రం చేయడానికి ఇసుక వాడకూడదంటూ 1949లోనే బ్రిటన్ నిబంధనలు తెచ్చింది. టర్కీలో జీన్స్ ప్యాంట్లకు పాతబడిన రంగు తెప్పించేందుకు ఇసుక కొట్టిన కుర్రాళ్లు పిన్న వయసులోనే జబ్బుపడి చనిపోయారు. ఆ దేశం 2009లో జీన్స్ మీద ఆ పద్ధతిని నిషేధించింది.

ఆ జబ్బు పేరే సిలికోసిస్. మన దేశంలోనూ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దాన్ని అధికారులకు తప్పక తెలపాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. అయితే పెరట్లో చేసుకునే పనికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. మన జాగ్రత్త మనదే.

తువ్వాలు ఆపలేదు

ఏటి ఇసుకలో ఎక్కువ భాగం సిలికానే. ఒడ్డున కూర్చుని పిడికిట్లోకి తీసుకుంటే ఏ హానీ లేదు. రేణువులు పెద్దవి కాబట్టి ఊపిరిలోకి పోవు. అదే ఇసుక ఇనుముకు వేగంగా తగిలితే పగిలి పిండి అవుతుంది. అందులోని అతి సన్నని పొడి... వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. కంటికి కనపడదు, ముక్కుకు చుట్టిన తువ్వాలుకు ఆగదు. నేరుగా ఊపిరితిత్తుల అడుక్కి చేరి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ మచ్చలు కట్టి, మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఆయాసం, పొడిదగ్గు మొదలవుతాయి. క్షయ సోకే అవకాశమూ పెరుగుతుంది. లక్షణాలు కూడా క్షయను పోలి ఉండటంతో అసలు జబ్బు ఆలస్యంగా బయటపడుతుంటుంది. వచ్చాక నయంచేసే మందు లేదు. సాధారణంగా పదేళ్లకు పైగా దుమ్ము పీల్చినవారిలో కనిపిస్తుంది. మోతాదు మరీ ఎక్కువైతే నెలల్లోనూ రావచ్చు.

ఇంకో సంగతి... పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. రంగు పొడి అయితే సీసమూ గాల్లోకి లేస్తుంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పైగా రామగిరి గుట్టల మీద గాలిమరలు తిప్పే సీమగాలి ఇది. పెరట్లో లేచిన దుమ్ము పెరట్లోనే ఉంటుందా? ధర్మవరంలాంటి చోట పక్కింట్లో మగ్గం మీద పట్టుచీరే ఉండొచ్చు!

ఏ భాగానికి ఏ వైద్యం?

అన్నిటికీ బ్లాస్టింగే అక్కర్లేదు. ముందుగా గ్రీజు, మడ్డి వదిలించాలి. డీజిల్‌తో కడిగి, సబ్బునీళ్లతో మరోసారి కడిగి ఆరబెడితే సగం పని అయినట్టే.

నట్లు, బ్రాకెట్లలాంటి చిన్న ఇనుప భాగాలకు నానబెట్టడమే మేలు. ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే తళతళలాడుతుంది కదా! చింతపండు మార్కెట్‌కు పేరున్న హిందూపురంలో ఈ కిటుకు ఎవరికీ చెప్పక్కర్లేదు. తుప్పుకూ పులుపే విరుగుడు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును లీటరు నీళ్లకు యాభై గ్రాముల చొప్పున ప్లాస్టిక్ తొట్టిలో కలిపి, భాగాల్ని కొన్ని గంటలు ఉంచి బ్రష్షుతో రుద్దితే తుప్పు ఊడొస్తుంది. తర్వాత తినేసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. స్ప్రింగుల్నీ అల్యూమినియం భాగాల్నీ మాత్రం ఇందులో వేయొద్దు.

బానెట్, మడ్‌గార్డులది పలుచని రేకు. గట్టిగా బ్లాస్టింగ్ చేస్తే వంకర్లు పోతుంది. వాటికి రంగు వదిలించే ద్రావకం పూసి, తడిగా ఉండగానే గీకేయడం మంచిది. దుమ్ము లేవదు. చేతులకు గ్లవుజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

బేరింగులు, హైడ్రాలిక్ పంపు, ఇంజను లోపలి భాగాల జోలికి బ్లాస్టింగ్‌తో అసలు పోకూడదు. నూనె దారుల్లో ఒక్క రేణువు మిగిలినా, ఇంజను నడిచినకొద్దీ అరగదీస్తుంది.

బ్లాస్టింగే కావాలంటే...

రిమ్ములు, ముందు యాక్సిల్‌లాంటి దళసరి భాగాలకు బ్లాస్టింగ్ బాగా పనికొస్తుంది. ఇసుకకు బదులు గార్నెట్, గాజుపూసలు, ఉక్కు రవ్వ వాడొచ్చు. అయినా తుప్పు, పాత రంగు దుమ్ము ఎలాగూ ఉంటుంది. అందుకే చిన్న భాగాలకు మూసి ఉండే పెట్టె వాడాలి. పక్కన రంధ్రాలకు బిగించిన గ్లవుజుల్లో చేతులు పెట్టి, అద్దంలోంచి చూస్తూ పనిచేయొచ్చు. దానికి దుమ్ము లాగే యంత్రమూ ఉండాలి. ఆరుబయట చేసే పనికైతే శుభ్రమైన గాలి గొట్టంతో అందే ప్రత్యేక ముసుగు కావాలి. మెడికల్ షాపు మాస్కు చాలదు. టైర్లకు గాలికొట్టే చిన్న కంప్రెసర్ కూడా ఈ పనికి ఆయాసపడుతుంది. గాలిలో తేమ చేరితే గన్ను మాటిమాటికీ పూడుకుపోతుంది.

ఇవన్నీ ఒక్క ట్రాక్టరు కోసం కొనడం దండగే. పెద్ద భాగాల్ని మూసిన గదిలో పనిచేసే వర్క్‌షాపుకి ఇవ్వడం నయం. తూముకుంటలాంటి పారిశ్రామికవాడల్లో విచారించొచ్చు. బ్లాస్టింగ్ అయిన ఇనుముని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. కొద్ది గంటల్లోనే ప్రైమర్ వేయాలి. లేకపోతే రాత్రి మంచుకే మళ్లీ తుప్పు పట్టేస్తుంది.

వర్క్‌షాపులో ‘ఎంతవుతుంది’ అని అడిగేముందు ‘దేంతో కొడతారు’ అని అడగాలి. మనది ఒక్కరోజు ముచ్చట. గన్ను పట్టుకునే కుర్రాడికి అది రోజూ కూడు పెట్టే పని. ఇసుక వద్దని మనం పట్టుబడితే... మన ట్రాక్టరుకి మెరుపు, అతని ఊపిరికి భరోసా!