అత్తమ్మ ఇరానీ చాయ్ తాగిన రాత్రి!

పండగంటే ఆడవాళ్లకు వంటిల్లే. అందుకే ఈసారి బోనాలయ్యాక ఓ రాత్రి పొయ్యి ఆర్పేసి, ఇంటిల్లిపాదీ బయటికెళ్లాం. పిల్లలేమో పిజ్జా అన్నారు. మామయ్య ఏమీ అనలేదు. అత్తమ్మ మాత్రం ఎవరూ ఊహించని కోరిక కోరింది!

చిలకలగూడలో బోనాల హడావుడి ఎలా ఉంటుందో ఆ చుట్టుపక్కల వాళ్లకు చెప్పక్కర్లేదు. వారసిగూడ, నామాలగుండు, మైలార్‌గడ్డ, సీతాఫల్‌మండి... ఏ గల్లీలో చూసినా వేపాకు తోరణాలు, మైకులో పాటలు, పోతరాజుల వెంట పరుగెత్తే పిల్లలు. ఉజ్జయినీ మహంకాళికి ఆదివారం బోనమెత్తితే, సోమవారం పొద్దున రంగం, ఆపైన అంబారీ ఊరేగింపు, రాత్రికి ఫలహారం బండ్లు. ఈ రెండ్రోజులూ ఇల్లు చుట్టాలతో కిటకిటలాడుతుంది. మా అత్తమ్మకు డెబ్బై దాటాయి. అయినా శనివారం రాత్రి పసుపు, కుంకుమ సర్దుకోవడంతో మొదలుపెడితే సోమవారం మధ్యాహ్నం చివరి చుట్టం గడప దాటేదాకా కూర్చోదు.

'అత్తమ్మా, ఈ రాత్రి వంట బంద్. అందరం బయట తిందాం' అన్నాను. 'పండగనాడు బయట తిండేంది కోడలా' అంటుందనుకున్నా. కాసేపు ఆలోచించి, 'నన్ను మీ మామయ్య పోయే ఇరానీ హోటల్‌కు తీస్కపోతవా?' అంది. చేతిలోని పేపరు పక్కనపెట్టి మామయ్య మా వైపు చూశారు.

యాభై ఏళ్లు... కిలోమీటరు దూరం

మామయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ డ్యూటీ దిగాక నలుగురు దోస్తులతో స్టేషన్ దగ్గర ఓ ఇరానీ హోటల్లో చాయ్ తాగనిదే ఇంటికొచ్చేవారు కాదట. రిటైరయ్యాక కూడా వారానికి రెండుసార్లు వెళ్లొస్తారు. వచ్చేటప్పుడు కాగితం పొట్లంలో ఉస్మానియా బిస్కెట్లు తెస్తారు. అత్తమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చి యాభై ఏళ్లు. ఆ బిస్కెట్లు తినని వారం లేదు. కానీ ఆ హోటల్ గడప ఒక్కసారీ తొక్కలేదు. ఇంటి నుంచి నడిస్తే పావుగంట!

'ఎందుకు పోలేదు?' అంటే 'ఆడోళ్లు పోతరా బిడ్డా అప్పట్ల?' అంది. నిజమే. మన జంటనగరాల్లో ఇరానీ హోటలంటే చాలాకాలం మగవాళ్ల అడ్డానే. కార్మికులు, గుమస్తాలు, విద్యార్థులు, కవులు, సినిమా పిచ్చోళ్లు... ఒక్క చాయ్‌తో గంటలు గడిపే చోటు. ఆడవాళ్లొస్తే కూర్చోవడానికి కొన్ని హోటళ్లలో పరదా కట్టిన 'ఫ్యామిలీ' గదులుండేవి. వాటిలోకి కూడా భర్త వెంటబెట్టుకుని వెళితేనే. ఆ సంగతి మామయ్యకు తట్టలేదు, అత్తమ్మ అడగలేదు. అలా ఏళ్లు గడిచిపోయాయి.

ముందు ఇటలీ...

పిల్లలిద్దరూ అప్పటికే పిజ్జా కోసం గొడవ మొదలెట్టారు. పిల్లల మాట కాదంటే పండగ పండగలా ఉంటుందా! ముందు ఇటలీకి, తర్వాత ఇరాన్‌కు అని రాజీ కుదిరింది. ఊరేగింపు వల్ల ఆటోలు దొరకలేదు. నడుచుకుంటూనే ఎస్.డి. రోడ్డు వైపు బయల్దేరాం.

పిజ్జా మన దేశంలో మరీ పాత కాపేమీ కాదు. పెద్ద పెద్ద విదేశీ పిజ్జా దుకాణాలు మన దగ్గర తలుపులు తెరిచింది 1996లోనే. అంతకుముందు చాలామందికి అది హాలీవుడ్ సినిమాల్లో కనిపించే తిండి. ఇప్పుడు పుట్టినరోజంటే పిజ్జా, పరీక్షలైతే పిజ్జా. దాని సొంతూరు ఇటలీలోని నేపుల్స్. అక్కడ అది పేదవాళ్లు వీధిలో నిలబడి తినే రొట్టె. 1889లో మార్గరీటా రాణి ఆ ఊరికి వస్తే టమాటా, చీజ్, తులసిజాతి ఆకుతో ఇటలీ జెండా రంగుల్లో చేసిపెట్టారనీ, అందుకే దానికా పేరొచ్చిందనీ కథ చెబుతారు. నేపుల్స్ పిజ్జా తయారీ కళను యునెస్కో 2017లో వారసత్వ జాబితాలో చేర్చింది. మన దగ్గరికొచ్చాక మాత్రం అది పనీర్, పచ్చిమిర్చి వేసుకుని పూర్తిగా మనదైపోయింది.

అత్తమ్మ ఒక ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కొరికి, 'సర్వపిండి మీద కూరేసి పెట్టినట్టుంది' అంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. మామయ్య చీజ్‌ను పక్కకు తీసి రొట్టె మాత్రం తిన్నారు. ఆయన ధ్యాసంతా గడియారం మీదే. 'ఇంకా లేటైతే బిస్కెట్లు అయిపోతయ్' అన్నారు మెల్లగా!

తర్వాత ఇరాన్!

స్టేషన్ దగ్గరికి చేరేసరికి రాత్రి పదిన్నర. 1874 నుంచి రైళ్లు చూస్తున్న స్టేషన్ అది. పునర్నిర్మాణం కోసం పాత భవనం ముందుభాగాన్ని 2025లో కూల్చేశారు. అటు చూసినప్పుడల్లా మామయ్య మొహం చిన్నబోతుంది. చుట్టూ అన్నీ మారుతున్నా ఆయన హోటల్ మాత్రం అక్కడే ఉంది.

ఇరాన్‌లోని యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు ముంబై, పుణె మీదుగా హైదరాబాద్ చేరి ఈ హోటళ్లు పెట్టారు. వాస్తు బాగోలేదని ఇతర వ్యాపారులు వదిలేసిన మూలమీది స్థలాలను వీళ్లు తీసుకున్నారని పాతవాళ్లు చెబుతారు. పాలరాతి పలకల బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, గోడలకు నిలువుటద్దాలు... ఇదీ వాటి ముస్తాబు. బిర్యానీకి పేరుపొందిన సికింద్రాబాద్ ప్యారడైజ్ కూడా 1953లో సినిమా టాకీసు పక్కన చిన్న కేఫ్‌గా మొదలైందే. అద్దెలు పెరగడం, స్థలాలకు కోట్లు పలకడం, కొత్తతరం వేరే ఉద్యోగాల్లోకి వెళ్లడంతో జంటనగరాల్లో చాలా ఇరానీ హోటళ్లు మూతపడ్డాయి.

లోపలికి అడుగుపెట్టగానే సర్వర్ మామయ్యకు సలాం కొట్టాడు. వెనకే ఉన్న మమ్మల్ని చూసి, 'ఫ్యామిలీ ఊపర్' అంటూ మేడమీది గది చూపించాడు. మామయ్య అటే కదిలారు. అత్తమ్మ కదల్లేదు. 'మీరు రోజూ యాడ కూసుంటరు?' అనడిగింది. మామయ్య రోడ్డు వైపున్న మూల బల్ల చూపించారు. 'ఆడనే కూసుంటం' అంది. పక్క బల్లల వాళ్లు ఒకసారి చూసి మళ్లీ తమ కబుర్లలో పడిపోయారు. ఇప్పుడు ఆడపిల్లలు గుంపుగా వచ్చి చాయ్ తాగి వెళ్లడం వాళ్లకు మామూలే. కొత్తంతా అత్తమ్మకే.

పొగలు కక్కే చాయ్ వచ్చింది. ఓ గుక్క తాగి, హోటలంతా కలియజూసి, నా వైపు తిరిగింది. 'ఇన్నేండ్లు ఈయన చేసిన ఓవర్‌టైమ్ ఇదేనా కోడలా?'

మామయ్య మొహం చూడాలి! వర్క్‌షాపులో ఓవర్‌టైమని ఇంట్లో చెప్పి, ఇక్కడ దోస్తులతో కూర్చున్న సాయంత్రాలెన్నో! తప్పు ఒప్పుకున్నట్టు తలదించుకున్నారు. కాసేపటికి ఆయనే ఒక్కొక్కరి గురించీ చెప్పడం మొదలుపెట్టారు. ఈ కుర్చీలో ఫలానా దోస్తు, ఆ కుర్చీలో ఇంకొకాయన. నలుగురిలో ఇప్పుడు ఇద్దరే మిగిలారట. ఆ పేర్లన్నీ అత్తమ్మ ఏళ్ల తరబడి వింటున్నవే. వాళ్లు కూర్చున్న చోటు చూడటం మాత్రం ఇదే మొదలు. బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి మామయ్యకు అందిస్తూ, 'ఇంట్ల తింటె ఇంత రుచి లేకుండె' అంది.

బిల్లు కోసం మావారు జేబులో చెయ్యి పెట్టారు. అత్తమ్మ ఆపి, కొంగుముడి విప్పింది. 'పిజ్జా నువ్వు తినిపించినవ్. చాయ్ నేను తాపిస్త' అంది. సర్వర్‌కు టిప్పు కూడా ఆమే ఇచ్చింది.

వచ్చేటప్పుడు ఫలహారం బండి ఒకటి డప్పుల మోతతో ఎదురొచ్చింది. పిల్లలు దాని వెంట పరుగెత్తారు. మేం మాట్లాడుకుంటూ వెనకే నడిచాం. ఆ తర్వాతి వారం మామయ్య చెప్పులేసుకుంటుంటే, అత్తమ్మ అప్పటికే చీర మార్చుకుని వాకిట్లో నిలబడింది!

మీ ఇంట్లోనూ ఇలాంటి కోరిక ఎవరికైనా ఉండొచ్చు. వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు. ఈసారి పండక్కి మీరే అడిగి చూడండి.

దమ్ చాయ్ కథ

* ఇరానీ చాయ్‌లో డికాక్షన్, పాలు కలిపి మరిగించరు. టీ పొడి, నీళ్లు పోసిన పాత్రకు మూతపెట్టి సన్నటి సెగ మీద దమ్ చేస్తారు.

* పాలను వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాస్తారు. రెండూ కలిసేది కప్పులోనే.

* 'పౌనా' అని చెబితే డికాక్షన్ తగ్గించి, పాలు ఎక్కువ పోసిస్తారు.

* జోడీగా ఉస్మానియా బిస్కెట్ ఉండాల్సిందే. కాస్త తీపి, కాస్త ఉప్పన. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీదే దాన్ని పిలుస్తారు.